దాయభాగము

దాయమను మాటకు సంస్కృతమున ఈయబడినదనియు, పంచిపెట్టబడినదనియు అర్థము. తండ్రితాతలనుండి వచ్చిన ధనము దాయము. దానిని పుచ్చుకొనువాడు దాయాదుడు. తెలుగులోనికి వచ్చునప్పటికి దాయ యనగా జ్ఞాతి యనియు, శత్రువనియు కూడ నిఘంటువులలో నెక్కినది. ఇచ్చుటలో పుట్టిన మాట పగగా నెట్లు మాఱినదో తెలియుటకు శబ్దశాస్త్రము చదువ నక్కఱలేదు; తల్లిదండ్రులు పోయిన పిమ్మట రిజిస్ట్రారు కచేరి గడప త్రొక్కిన సంసారము లన్నియు నెఱుగును. మిషనుబడిలో తెలుగు పండితులైన మా తాతగారు చిన్ననాట మాకు భారతము చెప్పుచు, పదునెనిమిది పర్వముల కథయు నీ రెండక్షరములలో నిమిడియున్నదని నవ్వుచుండెడివారు. అప్పుడది మాకు వేడుకమాటగా నుండెను.

కడచిన సంవత్సరము మా అత్తగారు ప్రభువునందు నిద్రించిరి. ఆమె పేర బందరుకాలువ క్రింద ముప్పాతిక యెకరము మాగాణి యున్నది. వీలునామా లేదు. ఆమెకు ఇద్దఱు కొమార్తెలు, ఒక్క కుమారుడు. ఆ కుమారుడే మా వారు, వృత్తిచే బడిపంతులు. జ్ఞాపకార్థకూటము ముగిసి, బంధువులు భోజనముల విస్తళ్లయొద్దనుండి లేవకముందే ఆస్తి మాట వచ్చినది. మనుష్యుడు తన వెనుక విడిచిపోవునది యేది, అది వెనుకవారికి నిజముగా చేరునది యెట్లు అను ప్రశ్న నాటినుండి మమ్ము విడువలేదు. క్రైస్తవులము గనుక మా వేదపుస్తకమును బట్టియే యాలోచించితిమి గాని, చిక్కు మాత్రము ఏ మతపు సోదరీమణులకైనను ఒక్కటే.

మన కృష్ణామండలపు క్రైస్తవసంఘముల చరిత్రలో రాఘవాపురమువాడగు పగోలు వెంకయ్య కథ ప్రసిద్ధము. ఆయన మాలకులమున పుట్టినవాడు. యౌవనమున దొంగలగుంపునకు నాయకుడై యుండెనని మిషనరీలు వ్రాసిపెట్టిరి. సర్వమును సృజించిన దేవుడొక్కడు కలడని యొకరి నోట విని, ఆయన పేరైన తెలియక, నీవెవరవో నాకు కనబఱచుకొనుమని ఆ దేవునే వేడుకొనుచుండెను. కృష్ణాస్నానపు పర్వమునకు బెజవాడ వచ్చినప్పుడు అక్కడ నివసించుచుండిన థామస్ యంగ్ డార్లింగ్ దొరను కలిసికొని, తాను వెదకుచున్నవానిని గుఱించి వినెను. 1859లో బాప్తిస్మము పొందెను. ఆ పిమ్మట ఊరూర కాలినడకను తిరిగి తనవారికి ఆ వార్త చెప్పుటయే పనిగా పెట్టుకొనెను.

అప్పటికి పదునెనిమిదేండ్ల క్రిందటనే, 1841లో, రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సు అను నిద్దఱు బందరునకు వచ్చియుండిరి. ఫాక్సు 1848లోనే మరణించెను. నోబులుదొర 1843లో పాఠశాల పెట్టి, పై తరగతుల బాలుర నుద్దేశించి చదువు చెప్పుచు, వివాహమాడక, స్వదేశమునకు మరల పోక, సుమారు 30,000 ప్రాణములను బలిగొన్న 1864వ సంవత్సరపు ఉప్పెన గడచిన మఱుసటియేడు అక్కడనే కన్నుమూసెను. బిడ్డలు లేని ఆయన పేర నేటికిని బందరులో కళాశాల యున్నది. అయినను, ఆంగ్లమును శాస్త్రములును చదివిన ఆ పాఠశాలలో విశ్వాసులైనవారు వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. మాలపల్లెలో బయలుదేరినది పల్లెలకు పల్లెలనే కదలించినది. బడిపంతులుగారి యిల్లాలు ఈ మాట వ్రాయుట వింతగా దోపవచ్చును. మా వారు దీనిని చదివి, నిజమేనని యొప్పుకొని, తక్షణమే పిల్లల జవాబుపత్రములు దిద్దుటకు కూర్చుండిరి.

వెంకయ్య కథ తలచినప్పుడెల్ల మాకు వాల్మీకి కథ జ్ఞప్తికి వచ్చును. దారి దోచెడి బోయ తన యాలుబిడ్డలను, నా పాపములో పాలుపంచుకొందురా యని యడుగగా, నీవు తెచ్చిన కూడు తిందుము గాని పాపము నీదే యనిరని పెద్దలు చెప్పుదురు. పాపమునకు దాయాదులు లేరు. సంతోషమే. మఱి పుణ్యమునకు మాత్రము కలరా? విశ్వాసమును మాగాణివలె కొలిచి, హద్దులు చెప్పి, మూడు భాగములుగా వ్రాసి యీయరాదు గదా! మేము నాల్గవతరపు క్రైస్తవులము. మా ముత్తాతకు ఊరివారి తిట్లను, చుట్టముల ఎడబాటును తెచ్చిన విశ్వాసము మాకు ఒక పేరు, ఒక పాటలపుస్తకము, డిసెంబరు మాసమున వాకిట వ్రేలాడెడి నక్షత్రపు దీపము అయి వచ్చినది. ఆయన వెలపెట్టి కొనినదానిని మేము ఊరక పొందితిమి. ఊరక పొందినది మనదగుటకు మనమును మరల నేదో యొక వెల చెల్లింపవలసియే యుండును. పౌలు తిమోతికి వ్రాసిన రెండవపత్రికలో అతని యవ్వయగు లోయిని, తల్లియగు యునీకేను పేరెత్తి, వారి విశ్వాసమును కొనియాడెను. అంతటితో ఊరకుండక, నీలోనున్న దానిని నీవే రగుల్చుకొనుమని వెంటనే హెచ్చరించెను. నిప్పు అవ్వ యింటిదే, ఊదవలసినవాడు మనుమడు.

మా అత్తగారు ఊదుట మానని మనిషి. మేము కాపురమునకు వచ్చునాటికి ఆమెకు అఱువదియేండ్లు దగ్గఱపడినవి. అక్షరము రాదు, ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు మాత్రము ఎన్నో కంఠస్థములు. అందును పురుషోత్తమ చౌధురిగారి కీర్తనలనిన ప్రాణము. ఓఢ్రబ్రాహ్మణకుటుంబమున 1803లో పుట్టి, 1833లో బాప్తిస్మము పొంది, 1890 వఱకు జీవించిన ఆ మహనీయుడు, తన తల్లిభాష కాని తెలుగున పాటలు కట్టి, చదువురాని మా పల్లెస్త్రీల నాలుకలమీద నిలిపిపోయెను. ఆ పాటలే మా అత్తగారికి గురువులైనవి. సాధారణముగా అక్షరములు నేర్పి, పిదప పాట చదివింతురు. మేము తలక్రిందుగా మొదలిడితిమి. ఆమె కన్ను మూసినను చెప్పగల పల్లవి తెఱచిపెట్టి, ఆమె పాడుచుండగా ఒక్కొక్క యక్షరము క్రింద వ్రేలుంచి నడిపించితిమి. మొదటిసారి 'దే' యను నక్షరమును వేఱొక పాటలో తానుగా గుఱుతుపట్టినప్పుడు, సంతలో తప్పిపోయిన బిడ్డ దొరికినట్లు కేక వేసిరి. రెండేండ్లకు పెద్దయక్షరముల బైబిలు కొనిపెట్టితిమి. దానిని ఆదికాండము మొదలుకొని వరుసగా, ఒక్క వంశావళియైనను వదలక చదివిరి. వంశావళులు మేమే దాటుచుందుము.

అఱువదియేండ్లు నిండిన పిమ్మట మనస్సు పెరుగునా యని మీరడుగవచ్చును. నారుమడిలో దట్టముగా పెరిగిన నాఱును పీకి, కట్టలు కట్టి, వేఱొక మడిలో నాటినగాని దుబ్బు కట్టదని మన పల్లెలలో పసిపిల్లలకైనను తెలియును. నాటిన మొదటి దినములలో అది పచ్చబడి, తలవాల్చి, చచ్చినట్లే యుండును. స్త్రీలకు ఆ పీకివేత యొక్కసారి కాదు. పెండ్లియొకటి, వైధవ్యమొకటి, బిడ్డలు తమతమ యిండ్లకు పోవుట యొకటి. మా అత్తగారికి వీనికి తోడు 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెన. ఆమె దివిసీమ కోడలు. ఆ రాత్రి బిడ్డలిద్దఱిని చంకలనిడుకొని గట్టుమీది మిద్దె చేరి బ్రదికిరి. మా వారప్పటికి పుట్టలేదు. తెల్లవాఱి దిగి చూడగా ఇల్లు లేదు, ఇల్లున్న గుఱుతు లేదు. దివిసీమలో వేలమంది పోయిరి. ఆ సంగతి ఆమె మాకు పదునాఱేండ్లలో రెండుసార్లు మాత్రమే చెప్పిరి. ఆమె తఱచు చెప్పినది ఆ పిమ్మట జరిగిన యొక చిన్న సంగతి.

అది చెప్పుటకు ముందు పిడికెటి బియ్యపు మాట చెప్పవలయును. మన తెలుగు సంఘములలో స్త్రీలు అన్నమునకు బియ్యము కొలుచుకొన్న పిమ్మట, కడుగుటకు ముందు, ఒక పిడికెడు తీసి ప్రార్థనాపూర్వకముగా వేఱొక ముంతలో వేయుదురు. ఆదివారమున దానిని గుడిలో బుట్టలో పోయుదురు. వేలంపాటలో దానిని కొనువారు కొందురు. ఆ సొమ్ము అయ్యగారి జీతమునకును, బీదల సాయమునకును పోవును. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులై, 1945లో దివంగతులైన అజరయ్యగారి కాలమున ఈ కానుక ఆ ప్రాంతపు సంఘములలో మిక్కిలి వ్యాపించెను. చేతిలో కాసు లేని కూలియింటి యిల్లాలుకూడ ఇచ్చువారిలో ఒకతె కావలయునని ఆయన పట్టు. పైదేశపు ధనముమీద నిలిచిన సంఘము తనకాళ్లమీద నిలువజాలదని ఆయన యెఱుగుదురు. ఈ కానుకలో మేము మెచ్చినదేమనగా, ఇది పొయ్యికి చేరువనే పుట్టును. మగవారి సెలవు అక్కఱలేదు. లెక్కవ్రాతయు లేదు. పస్తుండు దినమున ముంతయు పస్తుండును.

ఉప్పెన తరువాత సాయముగా బియ్యము పంచిరట. మా అత్తగారు ఎరువు తెచ్చిన గిన్నెలో ఎసరు పెట్టి, ఆ బియ్యములోనుండి పిడికెడు తీసి, నీటికి కొట్టుకొనివచ్చిన యొక రేకుడబ్బాలో వేసిరట. మా మామగారు చూచి, "ధర్మముగా వచ్చిన బియ్యము. ఇందులోనుండి ఇంకొకరికి ధర్మమేమి?" అని యడిగిరట. "మన కష్టముతో పండించినప్పుడైనను కొంత మనదని యనుకొంటిమి. ఇది బొత్తిగా మనది కాదు గదా, తీయుటకు బాధ యెందుకు?" అని ఆమె యనిరట. గుడియు కొట్టుకొనిపోయినందున ఆ డబ్బా బియ్యమును ఆదివారము వఱకు ఉంచి, మగడు పోయిన యొక పొరుగామెకు ఇచ్చిరి. సారెపతు విధవరాలి తొట్టిలో పిండి తఱుగలేదన్న కథ మేము ఎన్నిసార్లో చదివితిమి గాని, దానిని కన్నులార చూచినది ఆ రేకుడబ్బా మాటలోనే.

ఆ తరువాత కొన్నేండ్లకు ఆమె పుట్టినింటివారు ఆమెపేర వ్రాసియిచ్చినదే యీ ముప్పాతిక యెకరము. దానికి పాఱునీరు బెజవాడలో విడిచిన నీరు. 1833 ప్రాంతమున గుంటూరు సీమను మాడ్చిన కఱవు తరువాత, సర్ ఆర్థర్ కాటన్ పలుమాఱు ఒత్తి చెప్పగా, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణమున 1852 మొదలు 1855 వఱకు కృష్ణకు ఆనకట్ట కట్టిరి. కాటన్ దొర ప్రార్థనాపరుడైన క్రైస్తవుడు. డెల్టాలో ఆయనకు మ్రొక్కని రైతు లేడు. ఆనకట్ట నీటిని పుట్టింపదు. వచ్చిన నీటిమట్టమును కొంచెము పెంచి, సముద్రములోనికి పోవుదానిని ప్రక్కకు త్రిప్పును, అంతే. ఆ రాతికట్టడము 1952లో గండిపడెను; 1957 నాటికి ప్రకాశం బ్యారేజి వచ్చెను. కట్టినది పోయినను ఏలూరుకాలువ, బందరుకాలువ, రైవసుకాలువ నేటికిని పాఱుచున్నవి.

ఇక చిక్కు సంగతి. మా బంధువులలో పెద్దలొకరు, ఆడపడుచులిద్దఱికిని పెండ్లిళ్లనాడే ముట్టవలసినది ముట్టినది గనుక, హక్కు విడుదల దస్తావేజుమీద సంతకములు పెట్టించుకొని పొలము మావారి పేర మార్పించుకొండని సలహా యిచ్చిరి. ఇది మన సీమలో ఆచారమే. ఆచారమునకు విరుద్ధముగా చట్టమున్నది. క్రైస్తవులకు వర్తించు 1925వ సంవత్సరపు భారత వారసత్వచట్టము ప్రకారము వీలునామా లేక పోయిన తల్లి యాస్తి, భర్తయు జీవించి లేనప్పుడు, కొడుకులకును కూతుండ్రకును సమానముగా చెందును. హిందూకుటుంబములలో ఉమ్మడియాస్తి విషయమున ఆంధ్రప్రదేశమున 1985 నుండియు, దేశమంతట 2005 నుండియు కూతుండ్రకు సమానహక్కు వచ్చినది. చట్టములు వచ్చి యిన్నేండ్లయినను సంతకములు పెట్టుచునే యున్నారు. బలవంతమున కాదు, అది తెలిసికొనవలసిన సంగతి. పుట్టినింటి గుమ్మము మూతపడునేమోయను వెఱపుతో పెట్టుదురు. పండుగకు పిలుపు, పురిటికి చోటు, పోయినప్పుడు చీర — వీనికి వెలగా పొలమును విడిచిపెట్టుదురు. ప్రేమతో నిచ్చితిననుకొందురు. వెఱపును ప్రేమయని పిలుచుట మన యాడవారికి అలవాటైనది.

సంఖ్యాకాండము ఇరువదియేడవ యధ్యాయమున సెలోపెహాదు కుమార్తెల కథ యున్నది. కొడుకులు లేక చనిపోయిన తండ్రి భూమిలో తమకు పాలు కావలయునని ఆ యైదుగురును మోషేయెదుట, యాజకునియెదుట, సర్వసమాజముయెదుట నిలిచి యడిగిరి. వారు చెప్పినది యుక్తమని దేవుడే తీర్పు చెప్పెను. మా అత్తగారు వరుసగా చదువుచు అక్కడికి వచ్చినప్పుడు రెండుసార్లు చదివి, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అని యైదు పేర్లను కంఠస్థము చేసిరి. మన గుడిలో మరియమ్మలు, మార్తమ్మలు ఇందఱుండగా ఈ యైదుగురి పేర్లు ఒక్కతెకైనను పెట్టరేమని యడిగిరి. హొగ్లమ్మయని పిలిచిన పిల్ల యేడ్చునని మేమంటిమి. ఆమె నవ్వి ఊరకుండిరి. అంతమాత్రమున అది వీలునామా కాజాలదు. కోరికయని మేము చెప్పుటకును సాక్ష్యము చాలదు.

సలహా చెప్పిన పెద్దలు మా కంటె బైబిలు బాగుగా చదివినవారు. సంఖ్యాకాండము ముప్పదియాఱవ యధ్యాయము తీసి, ఆ కుమార్తెలు తమ గోత్రములోనే పెండ్లాడవలయునని కట్టడి యున్నదే, ఆడపిల్ల వెంట భూమి పరుల యింటికి పోరాదనియేకదా దాని భావమనిరి. లూకా సువార్తలో ఒకడు, నా సహోదరుడు నాకు పాలు పంచియిచ్చునట్లు చెప్పుమనగా, ప్రభువు ఆ పంపకమునకు తాను తీర్పరి కానని త్రోసివేసెను గదా యనియు ఎత్తిచూపిరి. మొదటిదానికి జవాబు సులభము. ఆ కట్టడి పెండ్లికే గాని భాగమునకు కాదు. యెహోషువ కాలమున వారికి భూమి యిచ్చియేయుండిరి. రెండవదానికి మేము చాలదినములు తడవుకొంటిమి. ప్రభువు పంచను అనెను గాని, పంచకుండు అనలేదు. ఆ వెంటనే చెప్పిన యుపమానము పాలు అడిగినవానిని గుఱించి కాదు. కొట్లు విప్పి పెద్దవి కట్టింపదలచిన ధనవంతుని గుఱించి. సంతకములు పెట్టించుకొన్నచో ఆ కొట్లు ఎవరివగునో చెప్ప నక్కఱలేదు.

ఇదంతయు వ్రాయుట సులభము. ఆ పొలముమీద మాకును ఆశలుండెను. మా పెద్దవాడు ఇంటరు చదువుచున్నాడు. పై చదువునకు డబ్బు కావలయును. పంతులుగారి జీతములో ఇంటి యప్పు సగము తినివేయును. డెబ్బదియైదు సెంట్లు ఇరువదియైదు అయినచో లెక్క మాఱును. మా వారు మూడునెలలు ఈ మాట నోటికి రానీయలేదు. ఒకనాటి రాత్రి మాత్రము, "పిల్లలకు సమభాగములు నేర్పెడి చేతితో ఈ కాగితమునెట్లు ముందుకు త్రోయుదును?" అనిరి. మేము జవాబు చెప్పలేదు. వాని కళాశాల రుసుము కాగితము అప్పుడు మా యొడిలోనే యున్నది.

ఆడపడుచులు ఇద్దఱును వచ్చినదినమున పెద్దవదినగారు సంతకమునకు సిద్ధపడియే వచ్చిరి, కలముకూడ తెచ్చుకొని. మా వారు భాగముల కాగితము ముందుపెట్టగా ఆమె చాలసేపు దానివంక చూచి, "ఏమిరా తమ్ముడూ, మాతో రాకపోకలు మానుకొందామనియా?" అనిరి. ఆ మాటతో మా వారి కంట నీరు తిరిగెను. భాగము తీసికొనినంత మాత్రమున పుట్టిల్లు పోవునని యామె నిజముగానే నమ్మియుండిరి. పండుగకు ముందుగా వచ్చి పిండివంటకు కూర్చుండవలయునని మేము ఆమెచేత మాట పుచ్చుకొన్న పిమ్మటగాని సమ్మతింపలేదు. చిన్నవదినగారు వేఱు విధము. "నా పాలు మేనల్లుని చదువునకు. విడుదల వ్రాసియిచ్చెదను" అనిరి. మా వారు వినలేదు. "మొదట పుచ్చుకొనుము అక్కా. నీదైన పిమ్మట ఇత్తువో, అమ్ముదువో, నీ యిష్టము. నీది కానిదానిని ఎట్లిత్తువు?" అనిరి. రెండు దస్తావేజులైనచో రెండుసార్లు స్టాంపుసుంకమని ఆమె వాదము. ఇద్దఱికిని తోబుట్టువుల పట్టుదలయే. ఆ వాదము ఇంకను తెగలేదు. పంపకపు దస్తావేజు మాత్రము ఈ మాసమున రిజిస్టరు కానున్నది.

బంగారు గాజులు రెండింటిని ఇద్దఱాడపడుచులకు చెఱియొకటి యిచ్చితిమి. బైబిలు మా యింటనే యున్నది. తగవు వచ్చినది ఒక్క బియ్యపు ముంతకే. అంచు సొట్టపోయిన యిత్తడి ముంత. కాటాలో వేసినచో వెల యేమియు రాదు. ముగ్గురమును అడిగితిమి, ముగ్గురమును నీవు తీసికొనుమంటిమి. తుదకు పెద్దవదినగారు పట్టుకొనిపోయిరి. మేము వన్‌టౌను బజారులో క్రొత్తముంత యొకటి కొని, పొయ్యిగట్టున అదేచోట నుంచితిమి. బియ్యము తీసివేయుట ఇప్పుడు మా చిన్నపిల్ల వంతు. దానికి ఏడేండ్లు. నాయనమ్మ పిడికిలి పెద్దది, తనది చిన్నదియని, ప్రతిపూటయు రెండు పిడికిళ్లు వేయుచున్నది.